అద్దం వచ్చిందా, చిన్నోడా?

బావా,

కవరు మీద చేతిరాత చూడగానే దీన్ని చింపి పారెయ్యాలనిపిస్తుంది నీకు. చింపు, కాకపోతే చదివాక చింపు. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. ఫోన్లో నా నోటికి అబద్ధమాడటం బాగా అలవాటైపోయింది, చెయ్యి ఇంకా అంత చెడిపోలేదు. పైగా నువ్వు గడియారాలు బాగుచేసేవాడివి. దేన్నైనా విప్పి బల్ల మీద పరిచి చూసుకుంటే తప్ప నమ్మవు. అందుకని విప్పుతున్నాను.

రెండు నెలల కింద నువ్వొక కంపెనీకి దరఖాస్తు పంపించావు. చనిపోయిన నా భార్య పేరు ఒక నక్షత్రానికి పెట్టండి, ఆమెకు నా కానుక అని. పది రోజుల్లో నీ ఇంటికి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు వచ్చింది. నడిమధ్య అక్క పేరు, దాని కింద ఆ నక్షత్రం ఆకాశంలో ఎక్కడుందో చెప్పే రెండు వరసల అంకెలు. ఆ పేరు రాసింది నేనే బావా.

అబ్జర్వేటరీలో ఉద్యోగమని మూడేళ్ళుగా మీ ఇద్దరికీ చెబుతూ వచ్చాను కదా. కొండ మీది ఆ గుండ్రటి మేడలో నేను ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. నేను పనిచేసేది ఒక లాండ్రీ షాపు పైన, రెండు గదుల్లో. కింద నుంచి వచ్చే ఇస్త్రీ ఆవిరికి మా కార్డులు వంకరపోతాయి, అందుకని వాటి మీద పాత టెలిఫోన్ డైరెక్టరీలు బరువు పెడతాం. ఉన్నది ముగ్గురం. మేనేజరు, ఫ్రేములు కట్టే ఆవిడ, పేర్లు రాసే నేను. టెలిస్కోపు సంగతి దేవుడెరుగు, నా బల్ల పక్కనున్న కిటికీ తెరిస్తే కనపడేది పక్క బిల్డింగు డ్రైనేజీ గొట్టం.

అబద్ధం ఎలా మొదలైందో చెబితే నవ్వుతావు. మిషన్ మీద ఫ్లెక్సీలు అచ్చు కొట్టడం మొదలయ్యాక బోర్డులు రాసేవాడి మొహం చూసేవాడు లేడని నీకు తెలుసు. ఏడాది పాటు కుంచెలు కిరసనాయిల్లో నానబెట్టుకుంటూ కూర్చున్నాను. చేతిరాత అందంగా ఉన్నవారు కావలెను అన్న ప్రకటన చూసి ఇక్కడ చేరాను. ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసి, నక్షత్రాల ఆఫీసులో పేర్లు రాసే పని దొరికిందన్నాను. "అంటే కొండ మీద ఆ గుండ్రటి మేడలోనా?" అంది. గొంతులో ఎంత సంబరమో. ఆఁ అన్నాను. అంతే, ఒక్క ఆఁ. మర్నాటికి మీ వీధి వీధంతా తెలిసిపోయింది. మా తమ్ముడు మీకందరికీ చుక్కలు చూపిస్తాడు అని అక్క అంటుంటే, నాకు పెళ్ళయిన నాటి నుంచీ చూపిస్తూనే ఉన్నాడుగా అని నువ్వు వెనక నుంచి అన్నావు. ఫోన్లో వినపడింది. నవ్వాను కూడా. తర్వాత కాదు అని చెప్పే సందు దొరకలేదు.

సరే, నీ దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చిన రోజు. రోజుకి ముప్పై పేర్లు రాస్తాను. పెళ్ళాలకి, ప్రియురాళ్ళకి, పోయిన పిల్లలకి, ఒకసారి ఒక కుక్కకి కూడా. పేరు చదవకుండా అక్షరాలు మాత్రం చూసి రాయడం నేర్చుకున్నాను. ఆ రోజు మొదటి అక్షరం రాశాక గానీ అది ఎవరి పేరో తెలియలేదు. కింద దరఖాస్తుదారు దగ్గర నీ పేరు, దుకాణం అడ్రసు. మూడు కార్డులు పాడుచేశాను. మేనేజరు "ఏంటయ్యా, ఇవాళ ఇన్ని కార్డులు పోతున్నాయి?" అన్నాడు. టీ తాగలేదండీ అన్నాను.

తర్వాత నీ ఫిర్యాదు వచ్చింది. చీకటి పడగానే మేడ మీదికెక్కి ఇరవై ఒక్క రోజులు చూశాను, మీరిచ్చిన అంకెల దగ్గర నాకేమీ కనపడలేదు, కారణం తెలియజేయగలరు అని. ఫిర్యాదులకి జవాబు రాయడం కూడా నా పనే. కార్డు మీది నగిషీ అక్షరాలు సరే, నా మామూలు రాతైతే గుర్తుపడతావని టైపు కొట్టాను. గాలిలో ధూళి, వీధి దీపాల వెలుతురు, నిరాశ పడకుండా ప్రయత్నించగలరు అని రాసి, కింద వినియోగదారుల సేవా విభాగం అని పెట్టాను. ఆ విభాగానికి ఉన్నది ఒకటే కుర్చీ, అందులో కూర్చునేది నేను.

నిన్న నీ రెండో ఫిర్యాదు అందింది. పాత గోడగడియారం డయలు మీద గీతలు కొట్టి, దానికి గొట్టం బిగించి, కోణాలు కొలిచే పరికరం చేశావు. దాని బొమ్మ కూడా గీసి పంపించావు. స్క్రూలతో సహా. ఆ బొమ్మ చూశాక మళ్ళీ ధూళి అని టైపు కొట్టడానికి నాకు చేతులు రాలేదు.

అక్క పోయాక ఈ లోకంలో నాకంటూ మిగిలిన మనిషివి నువ్వొక్కడివే. ఇది చదివాక అది కూడా మిగలకపోవచ్చు. తెలిసే పోస్టు చేస్తున్నాను.

నీ బావమరిది


బావా,

వారం దాటింది. నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు, కానీ పోస్టుమాన్ మెట్లెక్కే చప్పుడు వినపడ్డప్పుడల్లా కలం ఆగిపోతోంది.

మొదటి ఉత్తరంలో నా ఉద్యోగం సంగతి చెప్పాను. నక్షత్రం సంగతి చెప్పలేదు. నువ్వు ఇంకా ఆ గొట్టం పట్టుకుని మేడ మీద నిలబడుతూనే ఉంటావని తెలిసి, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా ఆఫీసులో లావుపాటి పుస్తకం ఒకటుంది. ఒక్కో గీతలో ఒక్కో నక్షత్రం. దరఖాస్తు రాగానే ఒక గీత ఎంచుకుని, పక్కన పెన్సిల్‌తో పేరు రాసుకుని, అంకెలు కార్డు మీదికి ఎక్కిస్తాను. పెన్సిలెందుకని అడగవేం? రెండేళ్ళు గడిచినా ఆ మనిషి నుంచి ఉత్తరం ముక్క రాకపోతే, ఆ పేరు రబ్బరుతో చెరిపేసి అదే నక్షత్రాన్ని ఇంకొకరికి ఇస్తాం. బాగా వెలిగే నక్షత్రాలు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఫ్రేములు కట్టే ఆవిడ దీనికి రబ్బరు కొట్టడం అని పేరు పెట్టింది. నెలాఖరులో ఒక రోజంతా అదే పని. సాయంత్రానికి నా బల్ల మీద నల్లటి రబ్బరు పొడి పోగవుతుంది, చేత్తో ఊడ్చి చెత్తబుట్టలో వేస్తాను. ఏ ప్రభుత్వమూ, ఏ శాస్త్రజ్ఞుడూ ఈ పేర్లని లెక్కలోకి తీసుకోడు. మా పుస్తకంలో తప్ప ఇవి ఎక్కడా లేవు. అందులో కూడా పెన్సిల్‌తో ఉన్నాయి.

అక్క పేరు అలా రాయలేకపోయాను బావా. ఎవరెవరినో చెరిపిన చోట అక్కని కూర్చోబెట్టడానికి మనసు ఒప్పుకోలేదు. రబ్బరు తగలని గీత కోసం పుస్తకమంతా తిరగేశాను. చివర్లో నాలుగు పేజీలు కాగితం కొత్తగా, శుభ్రంగా ఉన్నాయి. ఒక్కో గీతకీ ముందు ఎర్ర సిరాతో చిన్న గుర్తు. నాకన్నా ముందు ఈ కుర్చీలో పనిచేసిన పెద్దాయన పెట్టిన గుర్తులవి. ఆయన ఎప్పుడో మానేసి వెళ్ళిపోయాడు. బాగున్నవి ఏరి పక్కన పెట్టుకున్నాడు కాబోలు అనుకున్నాను. అంకెల్ని బట్టి వెలుగు ఎక్కువున్నది ఒకటి ఎంచి, పెన్సిల్ పక్కన పడేసి పెన్నుతో అక్క పేరు రాశాను. ఆ పుస్తకంలో పెన్నుతో రాసిన పేరు అదొక్కటే. చాలా గర్వపడ్డాను. సర్టిఫికెట్టు కూడా మూడు పూతలు వేసి రాశాను, నువ్వు భూతద్దం పెట్టి చూస్తావని తెలుసు కాబట్టి.

నీ రెండో ఫిర్యాదు వచ్చాక మేనేజర్ని అడిగాను, ఈ ఎర్ర గుర్తులేంటండీ అని.

"అవా? అవి మనకి పనికొచ్చేవి కావులే," అన్నాడు. "భూమికి అటు పక్కవాళ్ళ నక్షత్రాలు. మన దగ్గర ఎప్పటికీ పైకి రావు. అమ్మకుండా ఉండటానికే పెద్దాయన గుర్తు పెట్టాడు. ఎవరికైనా ఇచ్చావా ఏంటి, కొంపదీసి?"

లేదండీ అన్నాను.

అంటే నువ్వు ఇన్నాళ్ళూ మేడ మీద వెతికింది మీ మేడ మీదికి ఎప్పటికీ రాని నక్షత్రాన్ని. నేలలోంచి చూడగలిగితే తప్ప అది కనపడదు. అందరికీ కనపడేవి ఇచ్చినవాణ్ణి, నా అక్కకి కనపడనిది ఏరి ఏరి ఇచ్చాను. ప్రేమగా ఇచ్చాను, అది ఇంకా సిగ్గుగా ఉంది.

కావాలంటే మార్చగలను. పదహారో పేజీలో ఒకటుంది. చీకటి పడిన పావుగంటకే కనపడుతుంది, మీ నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితే చాలు, ఏ గొట్టమూ అక్కర్లేదు. కానీ దాని మీద ముగ్గురిని చెరిపాం. అందులో ఒకటి బడికి వెళ్ళే వయసు పిల్ల పేరు. వాళ్ళమ్మ పెట్టించింది. అప్పుడు రాసింది నేనే, రెండేళ్ళయ్యాక చెరిపిందీ నేనే. ఆవిడ ఇప్పటికీ సాయంత్రాలు దాన్ని చూస్తూ ఉంటుందేమో నాకు తెలియదు. మేనేజరుకి ఉత్తరం రాయకపోవడం ఒక్కటే ఆవిడ చేసిన తప్పు.

కనపడే దొంగ చుక్క కావాలా, కనపడని నిజం చుక్క కావాలా, నువ్వే చెప్పు. నా అంతట నేను ఎంచే పని ఇంక పెట్టుకోను.

చిన్నోడు


బావా,

ఇంకా జవాబు లేదు. అర్థమైంది. నేను అసలు సంగతికి దూరంగా తిరుగుతున్నానని నీకు తెలుసు. ఉద్యోగం గురించి చెప్పాను, ఎర్ర గుర్తుల గురించి చెప్పాను. నువ్వు అడగాలనుకునేది మాత్రం ఒక్కటే. ఆ రోజు ఎందుకు రాలేదురా?

అక్క నన్ను పెంచిందని నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అమ్మ పోయేసరికి నాకు ఆరేళ్ళు, దానికి పధ్నాలుగు. నా మొదటి కుంచె అది కొనిచ్చిందే. మీకు పిల్లలు లేని లోటు నాతో తీర్చుకుందని నువ్వే ఒకసారి అన్నావు. మీ దుకాణం తెరిచినప్పుడు బోర్డు నేనే రాశాను గుర్తుందా? వాచ్ వర్క్స్ అన్నది చిన్నగా, అక్క పేరు పెద్దగా. నువ్వు నిచ్చెన పట్టుకుంటానంటే అక్క ఒప్పుకోలేదు. "ఈయనకి చూపంతా ముల్లు మీదే, నువ్వు పడ్డా చూడడు," అని తనే పట్టుకుని నిలబడింది. మూడు గంటలు. ఎండ మొహాన కొడుతున్నా కదల్లేదు. పంతొమ్మిదేళ్ళయింది. నేను రాసిన వాటన్నిటిలోకీ ఇంకా మంచిది అదే.

జబ్బు రక్తంలో ఉందని, డాక్టర్లు ఏడాది కూడా చెప్పడం లేదని అక్క ఒక రోజు ఫోన్లో చెప్పింది. ఏడుద్దామంటే అదే ముందు మాట మార్చింది. "అదంతా వదిలేయ్. నాకొక్క కోరిక ఉంది. మీ ఆఫీసులో ఆ పెద్ద టెలిస్కోపులోంచి ఒక్కసారి ఆకాశం చూపించరా చిన్నోడా. నీ పక్కన నిలబడి చూడాలి," అంది.

అప్పుడు చెప్పాల్సింది బావా. అక్కా, నేను అక్కడ లేను, లాండ్రీ పైన ఉన్నాను అంటే ఏమయ్యేది? నెత్తిన ఒక్కటి మొట్టి ఊరుకునేది. కానీ దానికున్న ఆ కాస్త సంతోషాన్ని నా నోటితో చంపడమా అనుకున్నాను. అలా అనుకోవడం నాకు బాగుంది. నా సిగ్గుకి అక్క సంతోషాన్ని అడ్డు పెట్టుకున్నాను. టెలిస్కోపులో పెద్ద అద్దం ఒకటుంటుంది, దాన్ని పాలిష్‌కి పంపించారక్కా, రాగానే తీసుకెళ్తాను అన్నాను.

ఆ తర్వాత ప్రతి ఫోన్‌లోనూ అదే మాట. ఎలా ఉన్నావు, తిన్నావా, అద్దం వచ్చిందా చిన్నోడా? దారిలో ఉందక్కా. అద్దం వచ్చిందా? బిగిస్తున్నారక్కా. అద్దం వచ్చిందా? వచ్చింది గానీ చిన్న గీత పడింది, వెనక్కి పంపారు. పది నెలల్లో పదకొండుసార్లు అడిగింది. ఆస్పత్రికి వచ్చి చూద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూసి అడిగితే ఆ అబద్ధం నిలబడదని తెలుసు. అందుకని పని ఎక్కువగా ఉందక్కా, అబ్జర్వేటరీలో సెలవు ఇవ్వరు అని ఇంకో అబద్ధం. అక్క చివరి పది నెలల్లో నేను దాని మొహం చూసింది ఒక్కసారి. అది కూడా అరగంట, అది నిద్రపోతున్నప్పుడు. నువ్వు టీకి వెళ్ళావు. నువ్వు వచ్చేలోపు వెళ్ళిపోయాను.

చివరి ఫోన్ నీకు తెలియదనుకుంటాను. గొంతు బాగా సన్నబడిపోయింది. "అద్దం వచ్చిందా చిన్నోడా?" అంది. వచ్చే వారం ఖాయం అక్కా అన్నాను. "సరేలే. తొందరేం లేదు," అంది. నాలుగో రోజు పొద్దున నీ ఫోన్. మీ అక్క పోయింది, రా అన్నావు. ఫోన్ పెట్టేశావు.

నేను వచ్చాను బావా. మొదటి బస్సు పట్టుకుని మీ వీధి మూల దాకా వచ్చాను. దుకాణం షట్టర్ దించి ఉంది, ముందు జనం. మూల మీద కిరాణా కొట్టు దగ్గర ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. "ఇంకా తియ్యలేదేం?" అంది ఒకావిడ. "తమ్ముడు రావాలట. అబ్జర్వేటరీలో పెద్ద ఉద్యోగం. అతని కోసమే ఆపారు," అంది రెండో ఆవిడ. పోయిన మనిషిని నా అబద్ధం కోసం ఆపి ఉంచారు. ఆ జనంలోకి ఏ మొహం పెట్టుకుని రాను? ఎవరో ఒకరు అడుగుతారు, టెలిస్కోపు చూపిస్తానన్నావట కదా బాబూ అని. అక్క అక్కడే పడుకుని వింటూ ఉంటుంది. వెనక్కి తిరిగాను. అదే బస్సు మలుపు తిరిగి వచ్చింది, ఎక్కాను. కండక్టరు వింతగా చూశాడు.

ఇదీ నేను చేసిన పని. అక్క చివరిసారి అడిగిందేదీ నేనివ్వలేదు, నా మొహం కూడా. తర్వాత ఐదు నెలలకి, మా ఆఫీసు పుస్తకంలో దానికొక నక్షత్రం పెన్నుతో రాశాను. అది కూడా కనపడనిది.

క్షమించమని అడగను. నీ గుమ్మం తొక్కొద్దంటే తొక్కను. ఒక్క ముక్క రాయి, వద్దు అని. ఆ రెండక్షరాలు చూసినా చాలు.

చిన్నోడు


చిన్నోడికి,

మూడు ఉత్తరాలూ అందాయి. మొదటిది చింపలేదు. మూడూ సొరుగులో ఉన్నాయి.

నేను నీలాగా పేజీలు రాయలేను. వరసలో చెబుతాను.

నువ్వు అబ్జర్వేటరీలో లేవని మాకు ముందే తెలుసు. జబ్బు సంగతి డాక్టరు చెప్పిన మూడో రోజు, అలాంటి మాట వాడికి ఫోన్లో చెప్పకూడదు, ఎదురుగా చెప్పాలి అంది మీ అక్క. నీకు చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపెడదామంది. బస్సెక్కి కొండ దగ్గరికి వెళ్ళాం. పదకొండు ఇరవైకి గేటు దగ్గర ఉన్నాం. వాచ్‌మన్ రిజిస్టరు రెండుసార్లు తిప్పి, ఆ పేరు గలవాళ్ళు ఎవరూ ఇక్కడ లేరమ్మా, ఎప్పుడూ లేరు అన్నాడు. మీ అక్క గేటు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుంది. నీళ్ళు తాగింది. నేను కోపంతో ఏదో అనబోతే చెయ్యి అడ్డు పెట్టింది.

"మనం వచ్చినట్టు వాడికి తెలియనివ్వకండి. వాడే చెబుతాడు. చెప్పడానికి వాడికి సందు ఇవ్వాలి అంతే," అంది.

ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేసింది. టెలిస్కోపు చూపించమని అడిగింది. ఆమెకి టెలిస్కోపు అక్కర్లేదురా. ఆకాశం మీద ఆమెకి అంత మోజు ఎప్పుడూ లేదు. అద్దం వచ్చిందా అని అడిగిన పదకొండుసార్లూ, ఇప్పుడు చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని అడిగింది. ఫోన్ పెట్టేసి ప్రతిసారీ నాతో ఒకటే మాట. ఇవాళ కూడా చెప్పలేదండీ అని. చివరిసారి ఫోన్ నాకు తెలియదన్నావు. ఫోన్ ఆమె చెవి దగ్గర పట్టుకున్నది నేనే. ఆమెకి అప్పటికే చెయ్యి లేవడం లేదు.

నీ కంపెనీ కూడా తెలుసు. ఒక రోజు పేపర్లో ప్రకటన వచ్చింది. నమూనా సర్టిఫికెట్టు బొమ్మ, కింద లాండ్రీ షాపు పైన అని అడ్రసు వేశారు. వేలెడంత బొమ్మ. భూతద్దం తెమ్మని చూసి, ఇది మా చిన్నోడి రాత అంది. వాచీ పట్టీలు కుట్టే తోళ్ళ పెట్టెలో దాచుకుంది. వచ్చిన వాళ్ళకి చూపించేది, ఎంత బాగా రాశాడో చూడండి అని. ఎవరు రాశారో మాత్రం చెప్పేది కాదు. పద, లాండ్రీ షాపు మెట్లెక్కుదాం అని నేనే రెండుసార్లు అన్నాను. తలుపు తట్టి వాణ్ణి సిగ్గుపడేలా చెయ్యను అంది. అది ఆమె మొండితనం. నేనొక్క ఫోన్ చేసి, మాకన్నీ తెలుసురా, వచ్చి మీ అక్క పక్కన కూర్చో అనుంటే సరిపోయేది. ఆమెకిచ్చిన మాట అని ఊరుకున్నాను. అది నా తప్పు. నీ తప్పులన్నీ రాసుకున్నావు కాబట్టి నాది కూడా రాస్తున్నాను.

నక్షత్రం కావాలని దరఖాస్తు పెట్టింది ఆమె కోసం కాదు, నువ్వేం చేస్తావో చూద్దామని. కార్డుతో పాటు ఒక ముక్కైనా రాస్తావనుకున్నాను. కార్డు వచ్చింది. అక్షరాలు బాగున్నాయి. ముక్క లేదు.

ఆ అంకెలు మన ఆకాశానివి కావని పదో రోజుకే తేలిపోయింది. హైస్కూలు లెక్కల మాస్టారి పుస్తకం తెచ్చి చూశాను. తెలిసే ఫిర్యాదు రాశాను. ధూళి అని టైపు కొట్టావు. మళ్ళీ రాశాను. ఆమె ఎలా అడిగిందో అలాగే అడిగాను. ఆమె పదకొండుసార్లు అడిగింది, నాకంత ఓపిక లేదు, ఇంకొక్కసారి చూసి మానేద్దామనుకున్నాను. రెండోసారికి నువ్వు చెప్పావు.

నీ ఉత్తరాల్లో నాకు తెలియనివి రెండు. ఆస్పత్రిలో ఆ అరగంట ఒకటి. వీధి మూల దాకా వచ్చావన్నది రెండోది. నువ్వు రాలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. మేము రెండున్నర దాకా ఆగాం. ఇంక కుదరదని అందరూ అంటే అప్పుడు తీశాం. రాకపోవడం ఎక్కువ నొప్పా, వచ్చి వెళ్ళిపోవడం ఎక్కువ నొప్పా అని నాలుగు రోజులుగా చూస్తున్నాను. తేలలేదు.

మీ అక్క నిన్ను క్షమించిందా అంటే, ఆమె దృష్టిలో అసలు క్షమించాల్సినంత పనేం జరగలేదు. నా సంగతి అది కాదు. క్షమించానని రాస్తే నేనూ ధూళి అని టైపు కొట్టినట్టే. ఇంకా కోపంగానే ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలియదు.

నక్షత్రం మార్చకు. ఆ పిల్ల తల్లిని ఆ చోటు నుంచి మళ్ళీ లేపకు. వీలైతే ఆ గీత దగ్గర పాత పేరు తిరిగి రాయి, పెన్నుతో రాయి. మీ అక్కది ఉన్నచోటే ఉండనీ. ఆమె ఉందిగానీ మనకి కనపడదు అన్నంతవరకు ఆ కాగితం నిజమే చెబుతోంది.

వద్దు అని రాయమన్నావు. అది రాయడానికే కూర్చున్నాను మొదట.

దుకాణం తెరిచాను. బోర్డు పాడైపోయింది. ఈ వానలకి మీ అక్క పేరులో మొదటి అక్షరం పెచ్చులూడి పోయింది, రెండోది సగం ఉంది. వాచ్ వర్క్స్ మాత్రం గట్టిగానే ఉంది. ఫ్లెక్సీ వాడొకడు వచ్చి పావుగంటలో కొత్తది బిగిస్తానన్నాడు. పంపించేశాను. నీ కుంచెలు ఇంకా ఉంటే పట్టుకుని ఒక ఉదయం రా. తొమ్మిదింటికి దుకాణం తెరుస్తాను, నువ్వు ఎనిమిదికల్లా ఉండు. ఎండ పెరిగేలోపు రెండక్షరాలు అవుతాయి.

మాట్లాడుకోవాల్సిన పని లేదు. నిచ్చెన నేను పట్టుకుంటాను. చూపు నీ మీదే ఉంచుతాను.

మీ బావ